ఒక్క ఓటు బరువు
(ప్రసంగ పాఠం)



ఒక్క ఓటు విలువ ఎంతటిదో కొరాపుట్, రాయగడ ప్రాంతవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో కేంద్ర ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. అనుకూలంగా 269 ఓట్లు, ప్రతికూలంగా 270. ప్రతికూలంగా ఓటు వేసినవారిలో కొరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఒకరు. ఆయన అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి; లోక్‌సభ సభ్యత్వాన్ని మాత్రం ఇంకా వదులుకోలేదు. ఆ ఓటు ఔచిత్యంపై వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. అంతకంటె గమనింపదగిన సంగతి వేరొకటి ఉంది. ప్రధాని వాజపేయి రాజీనామా సమర్పించారు. కొన్ని నెలలకు ఎన్నికలు జరిగాయి. ఎవరూ ఆయుధం పట్టలేదు. ఒక్క ఓటుతో ఓడినవారు కూడా ఆ ఓటమిని అంగీకరించగలగడమే ప్రజాస్వామ్యపు స్థిరత్వానికి గుర్తు.

ఈ గుణం ఏ జాతికీ పుట్టుకతో రాదు. అందుకు జర్మనీ చరిత్ర సాక్ష్యం. 1919లో అక్కడ ఏర్పడిన వైమార్ రాజ్యాంగం హక్కులను ఉదారంగా ప్రకటించింది. కాని మంత్రివర్గాలు చాలావరకు ఏడాదైనా నిలవక కూలిపోయేవి. అత్యవసర పరిస్థితి పేరిట హక్కులను నిలిపివేసే అధికారాన్ని 48వ అధికరణం అధ్యక్షునికి ఇచ్చింది. 1933 ఫిబ్రవరిలో హిట్లర్ ప్రభుత్వం ఆ ద్వారం గుండానే పౌరహక్కులను రద్దు చేయించింది. పన్నెండేళ్ల నియంతృత్వం యుద్ధంతో, లక్షలాది యూదుల సంహారంతో సాగి, 1945 మేలో సంపూర్ణ పరాజయంతో ముగిసింది.

శిథిలాల నడుమ పునర్నిర్మాణం ఎక్కడ మొదలయిందో పురపాలక సంఘ పౌరులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అమెరికా సైన్యం ఆధీనంలోని ప్రాంతంలో 1946 జనవరిలో తొలి ఎన్నికలు చిన్న ఊళ్ల పాలకమండళ్లకు జరిగాయి. తరువాత పట్టణాలకు, ఆపైన రాష్ట్రాలకు. పశ్చిమ జర్మనీ పార్లమెంటు ఎన్నికలు 1949 ఆగస్టులో గాని జరగలేదు. నీటి గొట్టాలు, ఇళ్లు, బడులు వంటి కంటికి కనిపించే పనుల మీద జనం మళ్లీ వాదించుకోవడం, లెక్క అడగడం, ఓడిపోయి ఇంటికి వెళ్లడం నేర్చుకున్నారు.

1949 మే 23న వెలువడిన మూలశాసనం పాత తప్పులకు ఒక్కొక్కటిగా విరుగుడు కూర్చింది. మానవ గౌరవం ఉల్లంఘింపరానిదని తొలి అధికరణంలోనే చెప్పింది. ప్రభుత్వాధినేతను పడగొట్టదలచిన పార్లమెంటు ముందుగా అతని స్థానంలో మరొకరిని ఎన్నుకోవాలని 67వ అధికరణంలో విధించింది. ఆ సెప్టెంబరులో కోన్రాడ్ అడెనావర్ ప్రభుత్వాధినేతగా ఎన్నికయ్యారు. కావలసిన ఓట్లు 202; వచ్చినవి సరిగ్గా 202. ఆ పదవిలో ఆయన 1963 వరకు కొనసాగారు. అయితే శాసనంతోనే అంతా చక్కబడలేదు. నాజీల కాలపు అధికారులు, న్యాయమూర్తులు అనేకులు పదవుల్లోనే ఉండిపోయారు. ఆష్విట్జ్ మారణశిబిరంలో పనిచేసినవారిపై ఫ్రాంక్‌ఫర్ట్‌లో విచారణ 1963లో గాని ఆరంభం కాలేదు.

భారతదేశానికీ ఇటువంటి పాఠమే ఎదురయింది. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులను నిలిపివేసే ఏర్పాటుకు వైమార్ రాజ్యాంగమే మాతృక అని రాజ్యాంగ అధ్యయనకారులు చెబుతారు. 1975 జూన్‌లో విధించిన అత్యవసర పరిస్థితి 1977 మార్చి వరకు సాగింది. ఆనాటి పాలకులను ప్రజలు ఓటుతోనే దించారు. 1978 నాటి 44వ సవరణ ఆ ద్వారాన్ని ఇరుకు చేసింది: ‘అంతర్గత కల్లోలం’ అనే కారణం తొలగిపోయింది, ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ రక్షణనిచ్చే హక్కును నిలిపివేయరాదని స్పష్టమయింది.

ఊరిసభ మాటకు ఎంత బలముందో ఈ గడ్డపైనే 2013లో రుజువయింది. నియమగిరిపై బాక్సైటు తవ్వకం విషయంలో గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ అనుమతిని నిరాకరించింది. అవన్నీ కొండల్లోని చిన్న పల్లెలే.

శ్రీకాకుళం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో కొందరి ఓటు నేటికీ స్వగ్రామంలోనే ఉంది. పండుగకు వెళ్లినప్పుడు అది చుట్టరికాన్ని నిలుపుతుంది, నిజమే. కాని కాలువ పొంగేది ఇక్కడి వీధిలో. బిడ్డలు చదివేది ఇక్కడి బడిలో. చట్టం ప్రకారం ఒకరికి ఒకే చోట ఓటు ఉండాలి. అది సాధారణంగా నివసించే చోట ఉండాలి. నివాసం మారినవారు ఫారం 8, కొత్తగా నమోదయ్యేవారు ఫారం 6 సమర్పించవచ్చు. సభలో మాట్లాడే భాష తెలుగైనా, ఒడియా అయినా, కువి అయినా లెక్కింపులో ఓటు బరువు ఒక్కటే. ఆ బరువు మోయవలసిన చోట దానిని ఉంచడం పౌరుల వంతు.