బెజవాడలో ఒక్క పూట

ఈక్వడార్‌లో గయాకిల్ అని ఉక్కపోత ఊరొకటుంది. గలాపగోస్ దీవులకు పోయే ఒంటరి యాత్రికులు అక్కడ ఓ రాత్రి ఆగి, గయాస్ నది ఒడ్డున తిరిగి, మర్నాడు విమానమెక్కుతారు.

మన బెజవాడ కూడా అలాంటి మజిలీయే. చెన్నై, హైదరాబాద్, విశాఖ రైలు మార్గాలు ఇక్కడే కలుస్తాయి. వీపు సంచి స్టేషన్ క్లోక్‌రూములో పెట్టి, ఎండెక్కకముందే ప్రకాశం బ్యారేజీ దాటాలి. 1957లో ప్రారంభమైన కట్టడమది. అవతల ఉండవల్లి గుహలు: కొండను తొలిచిన నాలుగు అంతస్తులు, లోపల ఏకశిలలో పవళించిన అనంతపద్మనాభుడు. ఇవి చూడకుండా రైలెక్కడం అన్యాయం.

మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం పటమట వైపు భోంచేసి నీడపట్టున ఉండి, సాయంత్రం దుర్గమ్మ కొండెక్కితే కృష్ణ కళ్లనిండా కనిపిస్తుంది.

పటమట వాసులారా, దారి అడిగిన కొత్తవారికి ఏ బస్సెక్కాలో కూడా చెప్పండి.