వాక్స్వాతంత్ర్యము - మన సంఘము
(నగరి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



తెలుగును అరవమును సమముగ వినవచ్చు ఈ నగరి పట్టణమున, మగ్గముల చప్పుడు నడుమ కూడిన ఈ సభలో, వాక్స్వాతంత్ర్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్నాజ్ఞాపించిరి. ఇది వకీళ్లకును పత్రికలవారికిని సంబంధించిన విషయము, మనకేల యని కొందరు తలపవచ్చును. కాని సభలో లేచి "నాకిది సమ్మతము కాదు" అని పలుకగోరు ప్రతివారికిని ఇది సంబంధించినదే.

ఈ స్వాతంత్ర్యము మనకు ఊరక లభింపలేదు. రాయలసీమవాసియగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ "స్వరాజ్య" పత్రికలోని వ్రాతకై 1908లో రాజద్రోహ నేరమున శిక్షింపబడి, మనకు దాపుననున్న వేలూరు చెరసాలలో కష్టములనుభవించిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 19వ అధికరణమున ఈ హక్కును పౌరులందరికి నొసగినది. మరుసటి యేడే, 1951లో, మొదటి సవరణము దానికి క్రొత్త హద్దులను చేర్చినది.

అప్పటినుండి ఈ పెనగులాట సాగుచునే యున్నది. 2022 డిసెంబరులో కందుకూరునందును, 2023 జనవరి 1న గుంటూరునందును తొక్కిసలాటలలో జనులు మృతినొందిరి. ఆ కారణము చూపి మన రాష్ట్ర ప్రభుత్వము రహదారులపై సభలను కట్టడిచేయుచు ఒక ఉత్తరువు వెలువరించెను. ప్రాణరక్షణము ప్రభుత్వ ధర్మమే. అయినను ఆ ఉత్తరువు చెల్లదని 2023 మే 12న హైకోర్టు కొట్టివేసెను. అధికారము లేనప్పుడు వాక్స్వాతంత్ర్యమును కీర్తించువారే, అధికారము చేజిక్కగానే దానికి కళ్లెము వేయజూతురు. ఇది ఒక్క పక్షమునకే చెందిన దోషము కాదు.

ఏలికలు నోరు మూయించినచో న్యాయస్థానమున కేగవచ్చును. మనవారే నోరు మూయించినచో ఎచ్చటికేగవలెను? నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఈ ప్రశ్ననే.

1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన వీరేశలింగం పంతులుగారిని పీడించినది దొరతనమువారు కారు, స్వజనులే. వెలి యనునది చెరసాలకంటె కఠినమైన శిక్ష. 1936లో లాహోరునందలి జాత్‌పాత్ తోడక్ మండలమువారు అంబేడ్కరుగారిని అధ్యక్షత వహింప నాహ్వానించి, ముందుగా ఉపన్యాసపాఠమును చదివి, అందలి కొన్ని భాగములు రుచింపక మార్పు కోరిరి. ఆయన సమ్మతింపకపోగా మహాసభనే మానుకొనిరి. కులభేదములను తొలగింప నేర్పడిన సంఘమే యిట్లు చేయగా, కులము పేర నేర్పడిన మనమెంత జాగరూకులమై యుండవలెనో యోచింపుడు.

నేడు వెలి రూపము మారినది. సంఘపు వాట్సాప్ సమూహమున లెక్కలడిగిన యువకుని పేరు మరునిమిషమున తొలగింపబడుటయు వెలియే. ఎన్నికలు సమీపించినంతనే "మావారి ఓట్లన్నియు మీకే" యని నాయకులకు మాటయిచ్చుటయు, ఒప్పనివానిని కులద్రోహి యనుటయు అట్టిదే. ఓటు రహస్యము, అది ఓటరు సొత్తు, సంఘపు సొత్తు కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము అభ్యర్థి కులము పేర ఓట్లడుగుటను అక్రమాచరణముగ పరిగణించుచున్నది. ఇతరుల ఓటును బేరమాడు పెద్దరికమును మనకెవరిచ్చిరి?

వాక్స్వాతంత్ర్యమనగా దూషణ స్వాతంత్ర్యము కాదు. ప్రతిపక్షమువారి యింటి ఆడువారిని వీధికీడ్చు మాటలు రాజకీయ విమర్శ కానేరవు. కాని మర్యాద పేర ప్రశ్నను అణచుటయు మర్యాద కాదు.

కావున మూడు సూచనలు చేయుచున్నాను. మన సంఘము ఏ రాజకీయ పక్షమునకును మద్దతు తీర్మానము చేయరాదు. ప్రతి తీర్మానమునకు ఎదురు పలికినవారి వాదమును కార్యక్రమ పుస్తకమున వ్రాయవలెను. కూలికి నేయువారును, స్త్రీలును, యువకులును వేదికపై తమ నోటితో తామే మాటలాడుటకు ప్రతి సభలో కొంత సమయమును కేటాయింపవలెను.

విద్యార్థులకు వేతనములిచ్చుట, వసతిగృహములు కట్టుట గొప్ప కార్యములే. కాని చదివించిన బిడ్డను మాటలాడనీయకున్న ఆ చదువెందులకు? నా సూచనలు రుచింపనివారు ఇప్పుడే, ఈ వేదికపైనే నన్ను ఖండింపవలెనని ప్రార్థించుచున్నాను.