అవార్డు అందరికీ ఒక్కటే



మధ్యవర్తి అవార్డును బలమైన పక్షం త్రోసిపుచ్చితే ఏమగునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆసియా సముద్రాలలోనూ సమస్య అదే.

2014 జూలైలో బంగాళాఖాతంపై వెలువడిన అవార్డు, వివాదంలోని సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. పెద్ద దేశమైన మన దేశం దానిని అంగీకరించింది. దశాబ్దాలుగా తెగని హద్దు తేలింది.

2016 జూలైలో దక్షిణ చైనా సముద్రంపై ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా అవార్డు వచ్చింది. స్కార్‌బరో దిబ్బ వద్ద ఆ దేశపు జాలరులను అడ్డగించుట అక్రమమని తేల్చింది. చైనా తిరస్కరించింది. ఈనాటికీ జాలరులకు అచ్చట నిర్భయంగా వల వేసే వీలులేదు.

ఈ రెండు అవార్డులకూ ఆధారం 1982 సముద్ర చట్ట ఒడంబడిక. దాని పేరుతో యుద్ధనౌకలు నడిపే అమెరికా దానిని ఇంతవరకు ధ్రువీకరించనే లేదు!

నౌకాబలాల పోటీ జాలరికి రక్షణ కాదు. చిన్న దేశానికి వర్తించే చట్టం పెద్ద దేశానికీ వర్తించాలి. మనం కోరునది ఇదే.