ఒక పిల్లవాడు, రెండు వంటిళ్లు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను విద్య మీద మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం బడి పంతులును కనుక ప్రతి ఏడూ దాని గురించే మాట్లాడుతున్నాను, మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి బడి కంటే ముందున్న సంగతి ఒకటి చెప్పదలచుకున్నాను. ఒకటో తరగతిలో అలిఫ్, బే దిద్దించేటప్పుడు కొందరు పిల్లలు పలక మీద తల వాల్చి కునుకుతారు. వాళ్లను మొద్దులని అనేస్తాం. నేనూ అన్నాను, దాచుకోవడమెందుకు? ఆ మొద్దుతనంలో కొంత, వాళ్లు రెండు మూడేళ్ల వయసులో తినకుండా పోయిన అన్నమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది నేర్పింది పుస్తకం కాదు, మా ఇంట్లో వంటగది.

మన వైపు సంగతి మీకు కొత్త కాదు. జనవరి వచ్చిందంటే గోదావరి ఒడ్డున బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల దాకా మిరపకాయ ఏరే పని మొదలు. తెల్లవారకముందే ఆడవాళ్లు ఆటోలు, ట్రాలీలు ఎక్కి చేలకు పోతారు, పొద్దుగూకాక వస్తారు. అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు పిల్లాపాపలతో వస్తారు. ఎండాకాలం మొదట్లో తునికాకు, వానాకాలంలో నాట్లు, పత్తిలో కలుపు. ఏ కాలమైనా తల్లి చేలో, పిల్లవాడు ఇంట్లో.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, మేలు చేస్తున్నది. 1975 అక్టోబరు 2న దేశంలో ఈ పథకం మొదలైంది. మన రాష్ట్రంలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు. అయితే కేంద్రంలో కూర్చుని వేడి అన్నం తినేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకంటే చిన్నవాళ్లకు బాలామృతం పొట్లం, గుడ్లు ఇంటికి ఇస్తారు. పొట్లం ఇంటికి వస్తుంది సరే, దాన్ని కలిపి పెట్టే చెయ్యి చేలో ఉంటుంది. అందుకే మన బస్తీల్లో కొందరు ఆడవాళ్లు నలుగురైదుగురు పిల్లల్ని తమ ఇంట్లోనే చూసుకుంటున్నారు. మా ఇంట్లో మా బేగం ఆ పని చేస్తున్నది. మిరప రోజుల్లో ఎనిమిది మంది దాకా ఉంటారు. తల్లులు తలా సోలెడు బియ్యం, చేతనైనంత డబ్బు ఇస్తారు. పిల్లలు ఆమెను "ఖాలా" అంటారు. కోయ పిల్లలూ ఖాలా అనే పిలుస్తారు, అదేదో ఆమె పేరనుకుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల క్రితం మా ఇంట్లో ఒక బాబు ఉండేవాడు. అప్పటికి రెండేళ్లు నిండలేదు. నెమ్మదస్తుడు, ఏడవడు, పెట్టింది తింటాడు. ఒకరోజు అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి పిల్లల జబ్బలకు టేపు చుట్టి చూసింది. మీరూ చూసే ఉంటారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుండే టేపు. పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గితే పసుపు, పదకొండున్నరకు తగ్గితే ఎరుపు. ఈ బాబుది పసుపులో పడింది.

మా బేగం ఆ రాత్రి అన్నం తినలేదు. "నా చేతి అన్నం తినే పిల్లోడు ఎట్ల చిక్కిండు?" అని ఒకటే మాట. మర్నాడు తల్లి వస్తే కూర్చోబెట్టి మాట్లాడారు. తల్లి ఏమనుకున్నదంటే, పగలంతా ఖాలా గుడ్డు, పప్పు పెడుతున్నది కదా, రాత్రికి ఇంత చాయ్, రెండు బిస్కెట్లు చాలునని. మా బేగం ఏమనుకున్నదంటే, ఇంట్లో బాలామృతం ఉంది, గుడ్లున్నాయి, అవి రాత్రి పెడుతున్నారు కదా, పగలు ఖిచిడీ చాలునని. ఆ పొట్లమేమో ఇంట్లో ముగ్గురు పిల్లలు పంచుకొని పది రోజుల్లో ఖాళీ చేశారు. రెండిళ్లలోనూ ప్రేమకు లోటు లేదు, రెండిళ్లలోనూ పొయ్యి వెలిగింది. కానీ ఈ ఇల్లు ఆ ఇంటి మీద, ఆ ఇల్లు ఈ ఇంటి మీద భరోసా పెట్టుకుంటే మధ్యలో పిల్లవాడు జారిపోయాడు.

అప్పుడు మా బేగం ఒక పలక తెమ్మన్నది. వారం రోజులు ఏం వండుతుందో దాని మీద రాసి గుమ్మానికి తగిలిస్తానన్నది. నేను నవ్వాను. "ఇదేమన్నా హోటలా?" అన్నాను. నవ్వినందుకు ఈ సభాముఖంగా ఆమెకు మాఫీ చెప్పుకుంటున్నాను.

పలక మీద ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు నేనే రాశాను. తల్లుల్లో చాలామందికి రెండూ రావు! పంతులు రాసిన రాత చదివేవాళ్లు లేరు. చివరకు మా చిన్నమ్మాయి సుద్దతో గుడ్డు బొమ్మ, ఆకు బొమ్మ, అరటిపండు బొమ్మ వేసింది. అది అందరికీ అర్థమైంది.

ఆ పట్టిక ఏమిటో చెబుతాను, కావలసినవాళ్లు రాసుకోండి. సోమవారం పెసరపప్పు ఖిచిడీ, పైన చెంచాడు నెయ్యి. మంగళవారం తోటకూర పప్పు, అన్నం. బుధవారం ఉడికిన గుడ్డు, పప్పుచారన్నం. గురువారం మునగాకు వేసిన కందిపప్పు, నిమ్మచుక్క. శుక్రవారం మలీదా, అంటే జొన్నరొట్టెను మెత్తగా నలిపి బెల్లం, నువ్వుల పొడి కలిపింది. పిల్లలు ఆ రోజు కోసం వారమంతా ఎదురు చూస్తారు. శనివారం మళ్లీ గుడ్డు, పెరుగన్నం. సాయంత్రం నాలుగింటికి రోజూ ఒక పండో, ఉడికిన చిలగడదుంపో, పుట్నాల పొడి బెల్లమో. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు వంతులవారీగా వచ్చేటట్టు చూడడమే దీని కిటుకు. చిన్న పొట్ట ఒక్కసారి ఎక్కువ పట్టదు కనుక కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. చిన్నపిల్లలకు పల్లీలు, పుట్నాలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసే పెట్టాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, పెద్దలు చెప్పినా సరే. అన్నంతోపాటు చాయ్ ఇస్తే కూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పైన నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది. మన ఇళ్లలో పిల్లలకు చాయ్ మరిగించడం ఒక ముద్దు. ఆ ముద్దు మానుకోవాలి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దుకాణాలు మూతపడి, కూరగాయ దొరకక మనం పడ్డ అవస్థ మీకు గుర్తుంది. అప్పటి నుంచి మా ఇంట్లో వానాకాలానికి వేరే పట్టిక ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు చాలా ఏళ్ల కిందటే ఒక పిండి చెప్పారు, దాన్ని హైదరాబాద్ మిక్స్ అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. అంతా కలిపితే 86 గ్రాములు, అందులో 330 కాలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. వేయించి, దంచి, డబ్బాలో పోసుకుంటే వేడినీళ్లలో కలిపి పెట్టవచ్చు. నాలుగు రోజులు దారులు మూసుకున్నా పిల్లవాడి నోరు ఆగదు.

పలక వల్ల ఇంకో మేలు జరిగింది, అది మేము అనుకోనిది. మా ఇంటికి వచ్చే పిల్లలు అన్ని కులాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు. కొందరి ఇంట్లో గుడ్డు ముట్టరు, కొందరు శనివారం తినరు. తురకోళ్ల ఇంట్లో ఏం పెడతారోనని ఒకరిద్దరికి లోపల భయం, పైకి అనలేరు. పలక చూశాక ఆ భయం పోయింది. పిల్లల కుండలో మాంసం వండము. గుడ్డు కూడా ఆ తల్లిని అడిగాకే పెడతాము. వద్దన్న బిడ్డకు ఆ రోజు పెరుగో, పుట్నాల పొడో ఎక్కువ. వంద మాటలతో రాని నమ్మకం ఆ గుడ్డు బొమ్మతో వచ్చింది.

2025లో రంజాన్ సరిగ్గా మార్చిలో, మిరప ఏరే రోజుల్లోనే వచ్చింది. రోజా ఉండి ఎనిమిది మంది పిల్లలకు మధ్యాహ్నం వండడం తేలిక కాదు. పలక మాత్రం మారలేదు. ఉప్పు చూసే పనికి ఆరేళ్ల పిల్ల ఒకతెను నియమించారు. ఆమె "సరిపోయింది ఖాలా" అంటేనే కుండ దిగేది. ఇప్పటికీ ఆ అధికారం వదులుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరకు అట్టిపెట్టాను. "రాత్రి పిల్లోడికి ఏం పెట్టినవ్?" అని ఒక కూలి తల్లిని అడిగి చూడండి. ఆమె తల దించుకుంటుంది. ఎందుకంటే ఆ ప్రశ్న ఆమె చెవికి "నీ ఇంట్లో ఏముంది?" అని వినిపిస్తుంది. పేదరికాన్ని గుమ్మంలో నిలబెట్టి సోదా చేసినట్టుంటుంది. అప్పుడు అబద్ధం చెబుతుంది, పప్పు పెట్టానంటుంది. తప్పు ఆమెది కాదు, అడిగిన తీరుది. మా బేగం ఎవరినీ అడగదు. సాయంత్రం బిడ్డను అప్పగించేటప్పుడు తన సంగతే ముందు చెబుతుంది. "ఈ రోజు పప్పు ఉంది, గుడ్డు లేదమ్మా. రెండు ముద్దలే తిన్నడు, నాతో మారాం చేసిండు." అంతే. మనం ముందు మన పళ్లెం చూపిస్తే ఎదుటివాళ్లు తమది చూపిస్తారు. మూడో రోజో నాలుగో రోజో ఆ తల్లే చెబుతుంది: "రాత్రి ఏం లేదు ఖాలా, గంజి తాపిన." ఆ ఒక్క నిజం తెలిస్తే చాలు, మర్నాడు ఆ పిల్లవాడి ముద్ద పెద్దదవుతుంది.

ఆ బాబు సంగతి అడుగుతారేమో. ఇంట్లో రాత్రి చాయ్ మాన్పించారు, గుడ్డు ఒక రోజు ఇక్కడ, ఒక రోజు అక్కడ అని పంచుకున్నారు, అంగన్‌వాడీ టీచరమ్మ నెలనెలా చూసింది. మిరప పని అయిపోయేసరికి టేపు ఆకుపచ్చలోకి వచ్చింది. అదే తల్లి ఇప్పుడు కొత్తగా వచ్చిన తల్లులకు పలక మీది బొమ్మలు చూపించి వివరిస్తుంది.

సంఘం పెద్దలకు నా మనవి మూడు మాటల్లో. పిల్లల్ని చూసుకునే ప్రతి ఇంటికి ఒక పలక, సుద్ద ఇప్పించండి. పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి ఏడు మిరప పని మొదలయ్యే ముందు, డిసెంబరులో, ఆ తల్లుల్ని, చూసుకునే ఆడవాళ్లను, అంగన్‌వాడీ టీచర్లను ఒక పూట కూర్చోబెట్టండి. మూడోది మగవాళ్లకు. సాయంత్రం పిల్లవాణ్ని తీసుకుపోవడానికి తండ్రి వస్తే కిందికి చూస్తూ నిలబడి ఎత్తుకొని పోతాడు. ఒక్క నిమిషం ఆగి పలక వంక చూడమనండి. ఇంటికి పోయి చెప్పమనండి.

నేను బడిలో ఎన్ని పలకల మీద రాయించానో లెక్క లేదు. మా గుమ్మానికున్న ఈ పలక రాసింది మాత్రం మా ఇంటావిడ. ఆమె ఈ రోజు సభకు రాలేదు, ముగ్గురు పిల్లలు ఇంకా ఇంట్లో ఉన్నారు, తల్లులు చేల నుంచి రావాలి. అందుకని నేనూ తొందరగా సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.