ధ్రువపు చలి విడుచు వేళ



మన నాట ధనుర్మాసపు చలి భోగిమంటలతో కొంత సడలి, మహాశివరాత్రికి "శివశివా" యనుచు వెడలిపోవునని పెద్దలు చెప్పుదురు. మన్యమునందలి లంబసింగిలో నొక్కొక్క యేడు సున్న డిగ్రీలకు చేరువగు చలి కలుగును గాని, తక్కిన సీమలలో మన చలి గొంగడితో తీరునదియే. అయినను నేడు మన గ్రామములలో పెక్కిండ్ల బిడ్డలు ఉత్తర అమెరికాలో కాపురముండుటచే, అచ్చటి చలివార్త మన యరుగులమీదికి వచ్చుచున్నది. మొన్న మా యూరి పెద్ద యొకరు "పంతులుగారూ! మావాడుండు చోట రేపటినుండి చలి విరుగునని చెప్పిరట. ఇక భయము లేదు గదా?" యని యడిగిరి. "చలి విరుగునాడే మరింత మెలకువ వలయునండి" యంటిని. ఆ మాటకు కారణము విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

ఉత్తరధ్రువమున శీతకాలమునందు నెలల తరబడి సూర్యుడు పొడమడు. అచ్చటి వాయువు మిక్కిలి చల్లబడును. ఆకాశమున చాల యెత్తున పడమటిగాలులు వలయముగా తిరుగుచు నా చలిని చుట్టి నిలిపియుంచును. దీనికి ధ్రువావర్తమని పేరు. కవ్వము నిలకడగా తిరిగినంతసేపు మజ్జిగ కుండలోనే యుండును; కవ్వము తొట్రిలినచో నంచు దాటి చిందును. ఆవర్తము సడలినపుడు చలియు నట్లే దక్షిణమునకు పొరలివచ్చును.

2019 జనవరి మొదట నిట్లే జరిగెను. సుమారు 30 కిలోమీటర్ల యెత్తున వాయువు హఠాత్తుగా వేడెక్కి, ఆవర్తము చీలిపోయెను. ఆ నెల 30వ తేదీని షికాగో నగరమున చలి సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటెను. మరునాడు అదే ఇల్లినాయ్ రాష్ట్రములో మౌంట్ కారల్ అను నూర సున్నకు దిగువ 39 డిగ్రీలు నమోదయ్యెను. రైలుపట్టాలు కలియు చోట్ల మంటలు పెట్టి బండ్లు నడిపిరి. కొన్ని రాష్ట్రములలో టపా పంచుట నిలిపివేసిరి. అంతటి చలియు నాలుగైదు దినములలో విరిగి, మంచు కరగనారంభించెను.

ఇంత త్వరగా మార్పెట్లు కలుగును? చల్లని వాయురాశి తూర్పునకు జరిగినపుడు, గాలి దక్షిణమునుండి వీచుచు, మెక్సికో సింధుశాఖనుండి వెచ్చని తేమను మోసికొనివచ్చును. పడమటి పర్వతముల చెంత మఱియొక విధము కలదు. కొండ దిగు పొడిగాలి యొత్తిడిచే కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కును. దక్షిణ డకోటాలోని స్పియర్‌ఫిష్ అను నూర 1943 జనవరి 22వ తేదీని రెండే నిమిషములలో సున్నకు దిగువ 20నుండి సున్నకు మీద 7 డిగ్రీలకు ఉష్ణము పెరిగెను. లోకమున నింత వేగముగా వేడి పెరిగినట్లు వేఱొకచోట నమోదు కాలేదు.

ఇక నపాయముల సంగతి. నీరు గడ్డకట్టునపుడు నూటికి 9 పాళ్లు ఉబ్బును. అందుచే గోడలలోని నీటిగొట్టములు చలిలోనే పగులును గాని, పగులు బయటపడుట గడ్డ కరగిన పిమ్మటనే. అప్పు డిల్లంతయు జలమయమగును. వెచ్చని తేమగాలి చల్లని మంచుపై వీచిన దట్టమైన పొగమంచు పుట్టును. గడ్డకట్టిన నేలపై వాన కురిసిన, అది పడినచోటనే గాజుపలకయగును. బాటరంగే కనబడుటచే దానిని కన్ను గుర్తింపలేదు. నదులపై మంచుపలకలు విరిగి యొకచోట చిక్కుపడి వరద తెచ్చును. నిన్న మనుష్యుని మోసిన చెరువుమంచు నేడు మోయదు.

వాతావరణ సూచనను చదువుటలో రెండు సంగతులు తెలియవలయును. అమెరికాలో ఫారన్‌హీటు కొలత వాడుదురు. అందు 32 వద్ద నీరు గడ్డకట్టును. కావున బిడ్డ "20 డిగ్రీలు" అనిన సంతసింపరాదు. అది మన కొలతలో సున్నకు దిగువ సుమారు 7. కెనడాలో మాత్రము మన సెంటిగ్రేడు కొలతయే. రెండవది, పగటి వేడిమి యొక్కటియే చూడక రాత్రి చలిని గూడ చూడవలయును. పగలు 32కు పైకెక్కి రాత్రి దిగువకు దిగినచో, పగలు కరగిన నీరు తెల్లవారునప్పటికి మరల గడ్డకట్టును. ఉద్యోగమునకు బండి నడుపుకొనిపోవు వేళయు నదియే గదా! మఱియు నైదు దినముల లోపలి సూచన నమ్మదగినది. పది దినములు దాటినదానిని శకునముగా నెంచవచ్చునే గాని నిశ్చయముగా గొనరాదు.

కావున పెద్దలారా! ఈ మారు బిడ్డలతో మాటలాడునపుడు "చలి తగ్గినదా?" యని యడిగి యూరకుండవలదు. "నాయనా! రాత్రి యెంతకు దిగును? వాన యేమైన కలదా? నీటిగొట్టములు చూచితివా? నీటిని కట్టివేయు పెద్దకొళాయి యెచ్చట నున్నదో యెఱుగుదువా? రేపు ప్రొద్దున నొక గడియ యాలస్యముగా బయలుదేరిన నేమి?" అని యడుగుడు. వేల క్రోసుల దూరమున నున్న బిడ్డకు గొంగడి కప్పుట మనవలన గాదు. సమయమునకు తగిన యొక్క ప్రశ్న వేయుట మాత్రము మన చేతిలోనిదే.

ఇక సెలవు.