చిన్న వేదికల్లోనూ న్యాయం కావాలి

ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఐరోపాలో నెలకు 4.5 కోట్లు, అంతకు మించి వినియోగదారులున్న వేదికలపై అది అత్యంత కఠినమైన బాధ్యతలు మోపింది. 2016లో జర్మనీలో పుట్టిన మాస్టొడాన్ తీరు వేరు. దాని సర్వర్లను వేర్వేరు వ్యక్తులు, సంఘాలు ఎవరికి వారే నడుపుకొంటారు.

రాతను తొలగిస్తే కారణం చెప్పాలన్న నియమం చిన్న సంస్థలకూ వర్తిస్తుంది. అంతర్గత అప్పీలు ఏర్పాటు నుంచి మాత్రం వాటికి మినహాయింపు ఉంది. ఆ భారం తగ్గించడం సమంజసమే. కానీ పెద్ద వేదికలపై ద్వేషాన్ని భరించలేక చిన్న గూటికి చేరిన మైనారిటీ గొంతును అక్కడి నిర్వాహకుడే నొక్కితే, ఆ గూటిలో మొర వినేదెవరు? చట్టం అడగకపోయినా, తొలగించినవారు కాక మరొకరు ఆ మొర వినాలని మనం కోరుదాం. ఇల్లు చిన్నదైనంత మాత్రాన హక్కు చిన్నది కారాదు.