ఓటు ఎవరికైనా వేయండి, పాలు సంఘానికి పోయండి

(పెద్దమందడిలో పాల ఉత్పత్తిదారుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



శాసనసభ ఎన్నికలకూ పాల సంఘానికీ ఏమి సంబంధమని మీరు అనుకోవచ్చును. సంబంధం ఉన్నది గనుకనే నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగింది. డిసెంబరు 3న ఫలితాలు వచ్చాయి. మొత్తం 119 స్థానాలలో కాంగ్రెసుకు 64, భారత రాష్ట్ర సమితికి 39, భారతీయ జనతా పార్టీకి 8, మజ్లిస్‌కు 7, సి.పి.ఐ.కి 1 దక్కాయి. అంతకుముందు 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి అన్న పాత పేరుతో సమితి 88 గెలిచింది. కాంగ్రెసు 19 వద్ద ఆగింది. మన వనపర్తి స్థానం సంగతి మీకు తెలిసిందే. 2014లో కాంగ్రెసు, 2018లో సమితి, 2023లో మళ్ళీ కాంగ్రెసు.

2023లో రెండు పెద్ద పార్టీలకు స్థానాలలో తేడా 25. ఓట్లలోనో? కాంగ్రెసుకు నూటికి సుమారు 39, సమితికి సుమారు 37. తేడా రెండే! ఈ లెక్కను పాలకేంద్రం ముందుకు తెచ్చి చూడండి. ఓటు వేసిన వందమంది పాలు తెచ్చి వరుసలో నిలబడితే 39 మంది ఒక పక్షం, 37 మంది మరో పక్షం, మిగిలిన 24 మంది ఇతరులు. ఏ పక్షాన్ని పొమ్మన్నా వరుసలో మూడో వంతుకు పైగా ఖాళీ అవుతుంది.

నా సర్వీసులో ఇట్లాంటి సంఘం ఒకటి చూచాను. ఊరి పేరు చెప్పను. ఎన్నికలైన తరువాత, "సెక్రటరీ అవతలి పార్టీ వాడు, మా పాలకు వెన్న తక్కువ చూపుతున్నాడు" అని ఒక వర్గం ప్రైవేటు వ్యాపారికి పాలు పోయసాగింది. క్యాన్లు తగ్గాయి. గిట్టుబాటు కాక పాలవ్యాను రావడం మానింది. సంఘం మూతపడింది. పోటీ లేదని వ్యాపారి ధర కోశాడు. గెలిచినవారి బర్రెకూ, ఓడినవారి బర్రెకూ అదే ధర!

అందులో నా లోపమూ ఉన్నది. రిజిస్టర్లు తనిఖీ చేసి వచ్చానే గాని, ఎడమొగం పెడమొగంగా ఉన్నవారిని ఒకచోట కూర్చోబెట్టలేదు.

కనుక మూడు మాటలు. వెన్న పరీక్ష పాలు పోసినవారి ఎదుటనే చేసి, వారి పుస్తకంలో అప్పుడే రాయాలి. కేంద్రం గోడమీద ఏ పార్టీ జెండా ఉండరాదు. అనుమానం ఉంటే సర్వసభ్య సమావేశంలో లేచి అడగాలి. ఒక బర్రె ఉన్నా పది ఉన్నా సంఘంలో సభ్యునికి ఒకే ఓటు. పాలకవర్గం నచ్చకపోతే ఆ ఓటుతో మార్చండి, సంఘాన్ని పడగొట్టవద్దు.

శాసనసభ ఎన్నికలు ఐదేండ్లకొకసారి. బర్రె రోజూ రెండు పూటలా చేపుతుంది. ఈ మాట మరువవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.